తవిటమ్మ రక్తంలో పొగాకు

మొగుడికి కిడ్నీ ఇస్తానని నలుగురిలో మాటిచ్చి, తీరా ఇవ్వడానికి మనసొప్పక, చాటుగా చుట్టలు కాల్చి పరీక్ష తప్పిందని తవిటమ్మ మీద బారువ నుంచి నందిగాం దాకా ఒక మాట తిరుగుతోంది. కాలుస్తుండగా చూసినదెవరని అడిగితే ఒక్కరూ లేరు. ఫలానా ఆవిడ చెప్పిందంటారు. ఆ ఫలానా ఆవిడ గుమ్మమెక్కితే ఇంకో ఫలానా ఆవిడను చూపిస్తుంది. అన్ని గుమ్మాలూ ఎక్కి దిగాక తేలింది ఇది: తవిటమ్మ మానేసిన చుట్ట మళ్లీ ముట్టలేదు. పరీక్ష తప్పిన మాట మాత్రం నిజం. అదీ రెండుసార్లు.

ఆమె మొగుడు వరహాలుకి కొబ్బరితోట, దాని పక్కన కాస్త జీడితోట ఉన్నాయి. ఉద్దానంలో ఎంతమందికి వచ్చిందో ఆ కిడ్నీ జబ్బే అతనికీ వచ్చింది. రోజు విడిచి రోజు పలాస వెళ్లి డయాలసిస్ మంచమెక్కాలి. దాహమేసినా గుక్కలు లెక్కపెట్టుకోవాలి. ఒకప్పుడు ఉడతలా చెట్టెక్కిన మనిషి, ఇప్పుడు కింద నిలబడి కూలివాడికి గెల చూపిస్తున్నాడు. అలాంటివాడికి, నీ పెళ్లాం కిడ్నీ నీకు సరిపోతుందని విశాఖపట్నం డాక్టర్లు చెప్పిన పూట పోయిన ప్రాణం లేచొచ్చింది.

అడ్డొచ్చింది చుట్టే. తవిటమ్మ పెళ్లికి ముందునుంచీ అడ్డపొగ మనిషి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, జీడిపిక్కలు కొట్టుకుంటూ కూచునేది. ఇచ్చేవాళ్ల ఒంట్లో పొగాకు ఉండకూడదని ఆస్పత్రిలో నీలిమ అనే అమ్మాయి చెప్పింది. ఈ కేసులన్నీ చూసుకునేది ఆ అమ్మాయే. పొగాకులోని నికోటిన్ ఒంట్లో తొందరగానే కరిగిపోతుందట. కరిగి కోటినైన్ అనే ఇంకో పదార్థమవుతుందట. అది రోజుల తరబడి రక్తంలో, మూత్రంలో తిరుగుతుంది కాబట్టి, రాత్రి మానేసి పొద్దున్న రక్తమిస్తే దొరికిపోతారు.

తవిటమ్మ ఇంటికొస్తూనే చుట్టల కట్ట కాలవలో పారేసింది. తల పగిలిపోతోందని ఏడ్చింది, లవంగాలు నమిలింది, వచ్చినవాళ్లందరితో తగువేసుకుంది, చుట్ట జోలికి మాత్రం పోలేదు. ఇదంతా వరహాలు కళ్లారా చూశాడు.

అయినా మొదటి రక్తంలో పొగాకు ఉందన్నారు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతున్నారా అని నీలిమ అడిగితే, వరహాలు వచ్చిన చుట్టాల బీడీలు కూడా వీధిలోనే ఆర్పించాడు. రెండోసారి తీసిన రక్తం హైదరాబాద్ ల్యాబుకి వెళ్లాక, మొదటిదానికన్నా ఎక్కువుందని ఫోనొచ్చింది. మళ్లీ ఇలాగే వస్తే ఫైలు పక్కన పెట్టేస్తామని డాక్టరు తేల్చేశాడు.

వరహాలుకి ఎవరిమీద అరవాలో తెలియలేదు. మిషను తప్పా, మనిషి తప్పా? పెళ్లాం నిద్రపోతుంటే వంగి నోరు వాసన చూశాడు. అటక దులిపాడు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి దేవాడు. ఏమీ దొరకలేదు. దొరికినా బాగుణ్ణు అనుకున్నాడు. పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే బైరాగి ఊరుకోక ఉప్పందించాడు.

"మా సెల్లికి ఇట్టం లేదేటో సూడు బావా. నోటితో సెప్పలేక నోట్లో ఎట్టుకుంతంది."

ఆ మాట ముల్లులా దిగింది. అదే ముల్లుతో మూడోసారి ఆస్పత్రికి వెళ్లాడు.

ఈసారి నీలిమ రక్తం తీయలేదు. లేచిన దగ్గర్నుంచి నోట్లోకి వెళ్లేవన్నీ వరసగా చెప్పమంది. టీ, చద్దన్నం, మధ్యాహ్నం చేపల పులుసు అంటూ తవిటమ్మ విసుగ్గా చెప్పుకొచ్చింది. టీకి ముందేమిటని అడిగితే, ఏముంటుంది, పళ్లు తోముకుంటానంది. దేంతో అని అడిగితే, బొడ్లోంచి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. గుడాకు. పొగాకు, బెల్లం మడ్డి కలిపి నూరిన నల్ల ముద్ద. ఇచ్ఛాపురం నుంచి ఇటు ఎంతమంది ఆడవాళ్లు లేవగానే దాంతోనే చిగుళ్లు రుద్దుకుంటారో! మనకది పళ్లపొడి. పొగాకు వాడతావా అని అడిగితే దాని పేరు ఎవరి నోటా రాదు. చుట్ట మానాక చిగుళ్లు జివ్వుమంటున్నాయని తవిటమ్మ రోజుకి నాలుగైదుసార్లు రుద్దింది. అందుకే రెండోసారి ఎక్కువ తేలింది.

ఆ డబ్బాలు టెక్కలి సంతలో, సబ్బుతో పాటు కొని తెచ్చిపెట్టింది వరహాలే. అటకంతా దేవినవాడు తను తెచ్చిన సంత సంచీలో చూసుకోలేదు.

గుడాకు కూడా మాని కొన్నాళ్లకి మళ్లీ రమ్మన్నారు. పోయిన నెలలు పోయినట్టే. ఇద్దరూ బయట టీకొట్టు బల్ల మీద కూచున్నారు. వరహాలుకి కోపం తగ్గలేదు, దాన్ని దించుకునే చోటు దొరకలేదు. చివరికి అడిగేశాడు.

"ఊరంతా అంతన్నాది, నానూ అనుకున్నాను. మొకం మీదే అడుగుతన్నాను. నాకియ్యడం నీకిట్టం లేదేటే?"

తవిటమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అందులో పొగాకుందని నాకు తెల్దు మావా. తెలిస్తే సుట్టల కట్టతోటే ఇసిరేసుందును. కానీ మొదటిసారి తప్పిందని ఫోనొచ్చినపుడు, ఇంకొన్నాళ్లు నన్ను కొయ్యరులే అని నెమ్మదయ్యింది. అది నిజిమే. బయ్యం మరి. ఇప్పుడూ ఉంది. బయ్యమున్నోళ్లు ఇయ్యకూడదని ఏ డాకటరూ అన్లేదు గదా."