అత్తగారు ఎంచిన నల్ల చాప

మా అత్తగారు పోయారు. పోయిన నెల ఒక పొద్దున కాఫీ కలిపి గదిలోకి తీసుకెళ్ళేసరికి నిద్రలోనే వెళ్ళిపోయి ఉన్నారు. ఎనభై దాటిన మనిషి, మంచం పట్టకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోయారు, అదృష్టవంతురాలు అని పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అన్నారు. వాళ్ళు మంచికే అన్నారు గానీ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. ఆవిడ చివరిదాకా తన కాళ్ళ మీద తను తిరిగారంటే అందులో అదృష్టం వాటా తక్కువ. ఎక్కువ వాటా ఆవిడ మొండితనానిది. మిగిలింది ఒక నల్ల రబ్బరు చాపది. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

మీకు ఆవిడ తెలియదు. తెలిసుంటే ఈపాటికి మీ వంటింట్లోకి వచ్చి, చింతపండు ఎక్కడ కొంటున్నారో అడిగి, అది మంచిది కాదని చెప్పి ఉండేవారు.

విజయనగరం వైపు మనిషి. మా ఆయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే మాతోపాటు సీతాఫల్‌మండి వచ్చేశారు. వీధికో కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. మా ఆయన ప్రోగ్రాములు రాసేవారు. నాది టెస్టింగ్, అంటే రాసినవాటిలో తప్పులు వెతకడం. "మగాళ్ళ తప్పులు వెతికితే జీతం కూడా ఇస్తారేటమ్మా? మేమంతా ఊరికే వెతికీసాం కదా ఇన్నాళ్ళూ" అన్నారావిడ, నా ఉద్యోగం గురించి విన్న మొదటిరోజున.

మేమిద్దరం పొద్దున పోతే చీకటిపడ్డాకే ఇల్లు చేరేవాళ్ళం. ఆవిడకి ఈ ఊళ్ళో ఉన్న లోకమల్లా మోండా మార్కెట్. వారానికోసారి లోకల్ ట్రైనెక్కి, ఒక్క స్టేషను దాటి సికింద్రాబాద్‌లో దిగి, సంచీ ఊపుకుంటూ నడిచి వెళ్ళేవారు. కందా బచ్చలీ, పనసపొట్టూ, మెంతులూ మిరపకాయలూ. వచ్చీరాని ఉర్దూలో బేరాలు. తిరిగొచ్చాక ఎవరు ఏమన్నారో, తను ఏమన్నారో అన్నీ నాకు చేసి చూపించేవారు. ఆఫీసులో ఎంత విసిగి వచ్చినా ఆ నాటకం చూస్తే సగం అలసట పోయేది.

ఒకరోజు కడిగిన వంటింట్లో కాలు జారి పడ్డారు. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. కట్టు కట్టారు, కొన్నాళ్ళకి విప్పారు, చెయ్యి బాగయింది. బాగవనిది మా ఆయన భయం. "అమ్మా, ఇక ఒంటరిగా గడప దాటొద్దు. కూరలు నేను తెస్తాను" అనేశారు. ఆయన తెచ్చే వంకాయల గురించి ఇక్కడ చెప్పను, ఇంకా కాపురం చేస్తున్నాను. అత్తగారు మాత్రం రోజురోజుకీ మాటలు తగ్గించేశారు. కిటికీ దగ్గర కూర్చుని రైళ్ళ చప్పుడు వినేవారు. "ఈ ఊళ్ళో నాకంటూ ఉన్నది ఆ బజారొక్కటే. అదీ పోయింది" అని ఓ సాయంత్రం నాతో అన్నారు. ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు. నాకు నిజంగా భయం వేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో గట్టిగానే మాట్లాడాను. ఆయన విసుక్కుని, "సరే, ఏదీ పట్టుకోకుండా నేల మీంచి లేచి, ఒంటికాలి మీద నిలబడి చూపించమను. అప్పుడు వెళ్ళనీ" అన్నారు. అది జరిగేది కాదన్న ధీమాతో అన్న మాట అది. అత్తగారు మజ్జిగ గిన్నె కింద పెట్టి, "మాటేనా?" అన్నారు. "మాటే" అన్నారాయన. అంతే. ఆవిడకి మళ్ళీ ఆకలి పుట్టింది, ఇంకాస్త అన్నం పెట్టించుకున్నారు.

పక్కింట్లో ఒక టీచరుగారు ఉండేవారు. మిషన్ స్కూల్లో పిల్లలకి డ్రిల్లు నేర్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు యోగాకి. మర్నాడే అత్తగారు ఆవిడ తలుపు తట్టారు. టీచరుగారు అంతా విని, "నేర్పిస్తానండీ. కానీ ఈ నాపరాళ్ళ మీద వద్దు, ముందు మంచి గ్రిప్ ఉన్న మ్యాట్ కొనుక్కోండి. మీరు పడ్డారంటే మీ అబ్బాయి నన్ను బతకనివ్వడు" అన్నారు.

మా ఆయన మంచి కొడుకే. ఆఫీసు నుంచి వస్తూ ఊదారంగు మ్యాట్ ఒకటి తెచ్చారు. బొటనవేలంత మందం, అంత మెత్తన. అమ్మ మోకాళ్ళకి నొప్పి తగలకూడదని వెతికి మరీ తెచ్చారట. అత్తగారు దానిమీద నిలబడి ఒక కాలు కాస్త ఎత్తగానే రెండోకాలి మడమ అటూ ఇటూ ఊగిపోయింది. "ఏటిరా ఇది? పరుపు తెచ్చీసావు. దీనిమీద నిద్రపోగలం గానీ నిలబడగలమేటి?" అన్నారు. టీచరుగారు కూడా, "మెత్తటిది పడుకుని చేసేవాటికి హాయిగా ఉంటుంది బాబూ, నిలబడేవాటికి మాత్రం పలచగా, గట్టిగా ఉండాలి. కాలికి నేల తెలియాలి" అన్నారు. ఊదారంగు మ్యాట్ ఆయనకే మిగిలింది. ఆదివారాలు దానిమీద పడుకుని క్రికెట్ చూసేవారు.

శనివారం మధ్యాహ్నం అత్తగారిని ఆటోలో ఎక్కించుకుని సికింద్రాబాద్‌లో ఒక ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాను. నేను టెస్టింగ్ మనిషిని కదా, మందం, బరువు, ధర చూసి ఐదు నిమిషాల్లో తేల్చేద్దామనుకున్నాను. ఆవిడ సంచీలోంచి నీళ్ళ సీసా తీశారు. అరచేతిలో నీళ్ళు పోసుకుని, ఒక్కో మ్యాట్ మీదా చెయ్యి ఆనించి ముందుకి తోయడం మొదలుపెట్టారు.

దుకాణదారుకి గుండె గుభేలుమంది. "అమ్మా, నీళ్ళెందుకు పోస్తున్నరు? కొత్త మాల్ అది!"

"చెమట పడితే ఎలా ఉంటాదో చూడొద్దేటి నాయనా? పొడిచేత్తో అన్నీ బాగానే ఉంటాయి. తడిచేత్తో చూడాలి."

మూడు మ్యాట్లు ఆవిడ చేతికింద సర్రున జారాయి. ఒకటి జారలేదు గానీ, నేలమీద పరిచి తోసి చూస్తే చాపే ముందుకి జరిగిపోయింది. "పైన పట్టుండి కింద లేకపోతే ఏటి లాభం? నేనూ చాపా కలిసి వెళ్ళిపోతాం" అన్నారు. అప్పటికి దుకాణదారుకి కూడా సరదా పుట్టింది. లోపల్నుంచి నల్లటి రబ్బరు మ్యాట్ ఒకటి తెచ్చి తనే నేలమీద పరిచాడు. "గిది చూడుండ్రి అమ్మా, మస్తు గ్రిప్ ఉంటది. జెర రబ్బర్ వాసనొస్తది, గాలికి పెడితే పోతది."

తడిచేత్తో తోశారు, జారలేదు. చాపనే తోశారు, కదల్లేదు. చెప్పులు విడిచి, చీర కాస్త పైకి దోపి, నా భుజం పట్టుకుని దానిమీద ఒంటికాలి మీద నిలబడ్డారు. బ్యాట్లు కొనడానికి వచ్చినవాళ్ళంతా కొనడం మానేసి చూస్తున్నారు. నాకు సిగ్గుతో చెమటలు. ఆవిడకి మాత్రం మళ్ళీ బజారులోకి వచ్చానన్న సంతోషం. మొహం వెలిగిపోతోంది. బేరం కూడా ఆవిడే చేశారు. ఎంత తగ్గించారో చెప్తే ఆ దుకాణదారు ఇప్పటికీ బాధపడతాడు.

మర్నాడు పొద్దున చర్చికి వెళ్ళేముందు టీచరుగారు వచ్చారు. నల్ల మ్యాట్ పరిచాం. అత్తగారు ఎక్కారు. సర్రున జారారు. టీచరుగారు నడుం పట్టి ఆపారు కాబట్టి సరిపోయింది.

"మోసం చేసీసాడు!" అన్నారు అత్తగారు. ఆ మధ్యాహ్నమే చుట్టచుట్టి మళ్ళీ దుకాణానికి పట్టుకెళ్ళాం. దుకాణదారు దాన్ని నేలమీద పరిచాడు. "నిలబడుండ్రి అమ్మా" అన్నాడు. నిలబడ్డారు. జారలేదు. "మల్ల?" అన్నాడు. అయినా ఆవిడ మొహం చూసి, "మీరు పరేషాన్ కాకుండ్రి" అని ఇంకో పీసు ఇచ్చాడు. ఇంటికి తెచ్చి మర్నాడు పొద్దున్నే ఎక్కితే అదీ జారింది. మా ఆయన అదంతా చూసి, "చెప్పానా? అమ్మకి ఇవన్నీ ఎందుకు?" అన్నారు. అత్తగారు వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నారు.

అక్కడ జారదు, ఇక్కడ జారుతుంది. మా ఆఫీసులో రోజూ ఇదే గొడవ. ఒకరి కంప్యూటర్లో నడిచేది ఇంకొకరి దగ్గర నడవదు. రెండుచోట్లా ఏది మారిందో వెతకాలి. చాప అదే రకం, మనిషీ ఆవిడే. నేల అయ్యుంటుందని నాపరాళ్ళు రెండుసార్లు తుడిచి చూశాను. చివరికి ఆ మ్యాట్‌ని వెలుతురులో పెట్టి వంచి చూస్తే, నల్లటి రబ్బరు మీద తళతళా మెరుస్తూ ఐదువేళ్ళతో సహా రెండు పాదాలు కనిపించాయి.

ఆముదం!

మా అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటది. పడుకోబోయే ముందు మడమలకీ అరికాళ్ళకీ ఆముదం పట్టించి, మర్దనా చేసుకునేవారు. పొద్దున్నే మంచం దిగి తిన్నగా చాప ఎక్కేవారు. దుకాణానికి వెళ్ళింది మాత్రం మధ్యాహ్నాలు, స్నానం చేసి, ఆ దుమ్మూ ఈ దుమ్మూ తొక్కి. పట్టు లేనిది చాపకి కాదు. నేను చూపిస్తే ఆవిడ ఆ పాదాల గుర్తులకేసి కాసేపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత భుజాలు కదిలాయి. ఆపైన ఇల్లు అదిరిపోయేలా నవ్వారు. "పాపం, ఆ నాయన్ని దొంగని చేసీసానమ్మా!" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. టీచరుగారు నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు.

సున్నుండలు చేసి, నన్ను వెంటబెట్టుకుని ఆ దుకాణదారుకి తీసుకెళ్ళి ఉన్నమాట చెప్పారు. "ఇగ ఆముదం పెట్టుకుంటరా అని అడిగినంకనే మాల్ అమ్ముత అమ్మా" అన్నాడతను ఉండ నోట్లో వేసుకుంటూ. ఆవిడ ఆముదం మాత్రం మానలేదు. పొద్దున లేవగానే శనగపిండితో కాళ్ళు రుద్దుకుని, తుడుచుకుని, ఆపైన చాప ఎక్కేవారు. చాపని తడిగుడ్డతో తుడిచి నీడనే ఆరబెట్టేవారు.

ఆ తర్వాత ఏది కొన్నా తడిచేత్తో చూడడమే. చాలా ఏళ్ళకి మేం మల్కాజ్‌గిరిలో ఫ్లాట్ కొనేటప్పుడు బిల్డరు ఎదుటే ఆవిడ బాత్రూము నేల తడిపి కాలితో రాసి చూశారు. నాకు ఉద్యోగం మారదామా అని సందేహం వస్తే, "వాళ్ళు పని ఎక్కువున్న రోజున మనుషులతో ఎలా మాట్లాడతారో కనుక్కోమ్మా. తీరుబడిగా ఉన్నప్పుడు అందరూ మంచివాళ్ళే" అన్నారు. ఆ సలహా వల్లనే ఒక పెద్ద జీతం వదులుకున్నాను. ఇప్పటికీ ఆవిడకి రుణపడి ఉన్నాను.

చాప కొన్న ఆ రోజుల్లో దానిమీద ఆవిడ పడ్డ పాట్లు నేను రోజూ చూశాను. మొదట్లో లేవాలంటే కుర్చీ కావాలి. తర్వాత రెండు అరచేతులూ చాపకి ఆనించి, విరిగిన చెయ్యి ఓర్చుకుంటుందా అని ఒక్క క్షణం ఆగి, బరువు మోపి లేచేవారు. ఆ ఒక్క క్షణం నేనూ ఊపిరి బిగపట్టేదాన్ని. పడ్డవాళ్ళకి మళ్ళీ ఆ చేతిని నమ్మడం ఎంత కష్టమో నాకు ఆవిడని చూశాకే తెలిసింది. "పట్టుకోవద్దు, పక్కన ఉండు చాలు" అనేవారు నాతో.

ఒక ఆదివారం మా ఆయన ఊదారంగు మ్యాట్ మీద పడుకుని ఉండగా, అత్తగారు టీవీకి అడ్డంగా నల్ల మ్యాట్ పరిచారు. కూర్చున్నారు. ఏదీ పట్టుకోకుండా లేచారు. అరచేతులు జోడించి, కుడికాలు ఎత్తి ఎడమ మోకాలికి ఆనించి, కొడుకు మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. ఆయన టీవీ కట్టేశారు. "ఇంకో కాలు కూడా చూపించమంటావేటి?" అని అడిగారావిడ. ఆయన తల అడ్డంగా ఊపి, లేచి వెళ్ళి సంచీ తెచ్చి తల్లి చేతికిచ్చారు.

ఆవిడ గుమ్మం దాటగానే మాత్రం ఆయన నావైపు తిరిగి, "వెనకాలే వెళ్ళు, కనబడకు" అన్నారు. వెళ్ళాను.

సీతాఫల్‌మండి స్టేషన్లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కారు అత్తగారు. నేను అదే పెట్టెలో ఆ చివర, ఇద్దరు లావుపాటి ఆడవాళ్ళ వెనక నక్కాను. పెట్టె నిండుగా ఉంది. మెడలో ఆఫీసు కార్డున్న ఒక అమ్మాయి ఆవిడని చూసి లేచి, "కూర్చోండి అమ్మమ్మా" అంది.

"వద్దు తల్లీ, నువ్వు కూర్చో. నేను నిలబడ్డానికే వచ్చాను."

రైలు కుదుపుతో కదిలింది. అందరం పైన కమ్మీలూ పక్కన భుజాలూ దొరికింది పట్టుకున్నాం. నేను ముందున్నావిడ వీపు మీద వెళ్ళి పడ్డాను. మా అత్తగారు పాదాలు కాస్త ఎడంగా వేసి, సంచీ భుజాన సర్దుకుని, ఖాళీ చేతులు రెండూ పక్కకి వదిలేసి, కిటికీలోంచి వెనక్కి పోతున్న ఇళ్ళని చూస్తూ నిలబడ్డారు.