నీరజ ఎంచుకున్న పిస్తోలు

నీరజ చేతికి రెండుంపావు సైజు గాజులు కూడా వదులే. ఆమె ఉండే శివారు క్రెయిగీబర్న్‌లో గాజులమ్మే ఆవిడ ఆమెను చూడగానే చిన్నపిల్లల పెట్టె తెరుస్తుంది. ఆ చేతితోనే ఆమె ఆరేళ్ళుగా నడుముకు పిస్తోలు పెట్టుకుని, మెల్‌బోర్న్ నగరంలో బ్యాంకుల డబ్బు మోసే ట్రక్కుకు కాపలా కాస్తోంది.

కరీంనగర్ నుంచి అకౌంటింగ్ చదవడానికి వచ్చింది. అందరు స్టూడెంట్లలాగే ఖర్చుల కోసం సెక్యూరిటీ లైసెన్సు తీసుకుని సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర నిలబడింది. తోటివాళ్ళు చదువు కాగానే యూనిఫాం విప్పేసి ఆఫీసుల్లో చేరిపోయారు. ఈమె ఇంకో పరీక్ష రాసి, తుపాకీ లైసెన్సు తెచ్చుకుని ట్రక్కెక్కింది. ఆడపిల్లకు అదేం ఉద్యోగమని పక్క వీధి లీలావతి ఆంటీ ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటుంది. నీరజ ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. ఆ పని ఆమెకు నచ్చింది, అంతే. నచ్చిన పని చేసే ఆడదానికి కారణాలు కూడా ఉండాలని పట్టుబట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండదూ?

ట్రక్కులో ముగ్గురుంటారు. ఒకరు నడుపుతారు, ఒకరు పెట్టె మోస్తారు, ఒకరు చుట్టూ చూస్తూ నిలబడతారు. ఆ చూసే మనిషి నీరజ. చిక్కల్లా పిస్తోలుతోనే వచ్చింది. కంపెనీ ఇచ్చినదాని పిడి లావు. పెద్ద అరచేతుల మగవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసిన సరుకు. దాని ట్రిగ్గర్ అందుకోవాలంటే నీరజ మణికట్టు పక్కకు తిప్పాలి, తిప్పితే గురి ఎడమకు పోతుంది. ఏటా జరిగే గురి పరీక్షలో చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కేది. దానికి తోడు రోజుకు పదిగంటలు ట్రక్కు సీట్లో ఆ బరువు తుంటి ఎముకను నొక్కి నొక్కి అక్కడ నల్లగా కమిలిపోయింది.

ఈ ఏడాది దసరాకు ముందు కంపెనీ పాత పిస్తోళ్ళు తీసేసింది. మూడు రకాలు తెప్పించి, ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోమంది. ఎంచుకున్నదానితోనే దసరా అయ్యాక గురువారం పరీక్ష. తప్పితే ట్రక్కు దిగిపోవాలి.

నీరజ దిగిపోతే బాగుండునని కోరుకునే మనిషి ఒకరున్నారు. ఆయన డిపో సూపర్‌వైజరు, పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఊరు మండపేట. ఆస్ట్రేలియా వాళ్ళకు ‘సత్య’. చెడ్డవాడని చెప్పలేం. పండక్కి అందరికీ పులిహోర తెస్తాడు. ఆడపిల్ల తుపాకీ కట్టుకుని తన కళ్ళముందు తిరగడం మాత్రం ఆయనకు మింగుడు పడదు. మిగతావాళ్ళకు ఏది చెప్పాలన్నా ఇంగ్లీషులో మెయిల్ పెడతాడు. నీరజతో మాత్రం పక్కకు పిలిచి, తెలుగులో, గొంతు తగ్గించి చెబుతాడు.

"కంట్రోల్ రూమ్‌లో సీటు ఖాళీగా ఉందమ్మా. చక్కగా ఏసీలో కూర్చుని రేడియో చూసుకోవచ్చు. సొంత చెల్లెలనుకుని చెప్తున్నాను."

"నాకు ట్రక్కే మంచిగుంది సార్."

ఎన్నిసార్లు అడిగినా ఆమె జవాబు అదే.

ఎంచుకునే రోజు ఫైరింగ్ రేంజ్‌లో బల్ల మీద మూడూ పెట్టారు. మొదటిది పాతదానికి అన్నలాంటిది, ఇంకా లావు. రెండోది చిన్నది, తేలిక, చిన్న తూటాలది. సత్యనారాయణ దాన్ని ముందుకు జరిపాడు.

"ఇది నీకోసమే తెప్పించానమ్మా. లేడీస్‌కి హ్యాండీగా ఉంటుంది."

మూడోదాని వైపు ఎవరూ చూడలేదు. పొట్టిది, ఉక్కుది, మూడింట్లోకీ పెద్ద తూటా దానిదే. పేల్చగానే గట్టిగా వెనక్కి తంతుందని పేరు. నీరజ మూడూ వరసగా కాల్చి చూసింది. సత్యనారాయణ ముచ్చటపడిన తేలికది గుండు గుండుకూ చేతిలో ఎగిరిపడింది. దానికి బరువే లేదు, నిలవడానికి. పొట్టిదాన్లో తూటాలు ఒకే వరసలో కూర్చుంటాయి, అందుకని పిడి పలచన. వేలు నేరుగా వెళ్ళి ట్రిగ్గర్ మధ్యన ఆనింది. మణికట్టు తిప్పనక్కర్లేదు. తన్నడం నిజమే, భుజం దాకా తన్నింది. కానీ తిన్నగా వెనక్కి తన్నింది, గురి పక్కకు పోలేదు.

అంతటితో ఊరుకోలేదు. ఒక్కోదాన్నీ నడుముకు కట్టుకుని, ట్రక్కు సీట్లో బెల్టు పెట్టుకుని అరగంటేసి కూర్చుంది. వంగింది, లేచింది, తలుపు తీసి దూకింది. మగవాళ్ళు నవ్వుకున్నారు. రోజంతా మోయాల్సింది తన తుంటి, వాళ్ళది కాదు. పొట్టిది ఎముకకు తగల్లేదు.

"నాకు గిదే గావాలె," అంది.

"అంత పెద్ద గుండు నీకెందుకమ్మా?"

"చెయ్యి చిన్నగున్నదని గుండు గుడ చిన్నగుండాల్నా సార్?"

ఆయుధాల గది చూసే రాస్ అనే పెద్దాయన ఆ పిస్తోలు నంబరు పక్కన ఆమె పేరు రాసుకున్నాడు.

ఇక్కడిదాకా నీరజ తప్పేం లేదు. తప్పు మంగళవారం చేసింది. ఆ రోజు విజయదశమి. వాళ్ళ నాన్న కరీంనగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసేవాడు. దసరా నాడు కటింగ్ ప్లయరుకు బొట్టు పెట్టందే పని ముట్టేవాడు కాదు. పిస్తోలును ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు, డ్యూటీ దిగగానే రాస్‌కు అప్పగించాలి. అందుకని పొద్దున్నే డిపోలోనే, తూటాలు నింపకముందే, బ్యాగులోంచి కుంకుమ తీసి, నిలవడానికి కాస్త కొబ్బరినూనె కలిపి పిడికి బొట్టు పెట్టింది. కళ్ళకద్దుకుంది. మనవాళ్ళెవరైనా చేసే పనే. కానీ పిడి మీద, చెయ్యి జారకుండా, సన్నటి గాడులుంటాయి. పగలంతా ఎండకు నూనె కరిగి, కుంకుమ వాటి వెంట లోపలికి దిగింది.

సాయంత్రం రాస్ చేతికి ఎర్రగా అంటింది. రక్తమనుకున్నాడు. పిస్తోలును సంచిలో పెట్టి సీలు వేసి, సత్యనారాయణను పిలిచి, ఎవరికి దెబ్బ తగిలిందని అడిగాడు. సత్యనారాయణకు చూడగానే అర్థమైంది. ఎందుకు కాదూ? పొద్దున ఆయన కూడా కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద అరచేతంత బొట్టు పెట్టుకుని వచ్చాడు. ఒక్క ముక్క చెబితే తేలిపోయేది. చెప్పలేదు. నేను కనుక్కుంటానన్నాడు. కనుక్కోవడానికి నీరజను పక్కకు పిలిచాడు.

"ఆయుధం పాడుచేశావని రిపోర్టు వెళ్తే లైసెన్సే పోతుందమ్మా. కంట్రోల్ రూమ్ కావాలని నువ్వే ఓ మెయిల్ పెట్టెయ్. మిగతాది నేను సర్దేస్తాను."

లైసెన్సు పోతే ట్రక్కే కాదు, ఆరేళ్ళు పోయినట్టే. నీరజ ఫోన్ తీసి మెయిల్ తెరిచింది కూడా. రెండు పదాలు కొట్టాక ఒళ్ళు భగ్గుమంది. తప్పు చేసింది తను. ఆయుధంలోకి నూనె పోనిచ్చింది, అది తప్పే. దానికి శిక్ష వేస్తే పడుతుంది. చెయ్యని తప్పుకు, తన వేళ్ళతోనే తన ఉద్యోగం తీసి ఆయన చేతిలో పెట్టడమెందుకు?

నేరుగా రాస్ దగ్గరికి వెళ్ళింది. అది కుంకుమ అనీ, పండగ రోజు పనిముట్టుకు పెడతామనీ, నూనె కలపడం తన బుద్ధితక్కువ అనీ ఉన్నదున్నట్టు చెప్పింది. రాస్ విన్నాడు. సత్య కారు మీద ఉన్న ఎరుపు కూడా ఇదేనా అని అడిగాడు. అవునంది. మరి అతను నాకెందుకు చెప్పలేదన్నాడు. ఆ ప్రశ్న ఆయన్నే అడగమంది.

రాస్ బ్రష్షూ, నూనె వదిలించే ద్రావకమూ ఇచ్చాడు. అతని ముందే పిస్తోలు విప్పి, ప్రతి గాడీ తోమి, తెల్లగుడ్డకు ఎరుపు అంటకుండా పోయేదాకా మూడుసార్లు తుడిచింది. రాస్ రిజిస్టర్లో హెచ్చరిక రాశాడు. నీరజ చదివి, కింద సంతకం పెట్టింది. ఆ సంతకం ఆమెకు బరువనిపించలేదు.

గురువారం మధ్యాహ్నం పరీక్ష. యాభై గుండ్లలో నలభై గురికి తగలాలి. సత్యనారాయణ కాగితాలు పట్టుకుని వెనక నిలబడ్డాడు. నీరజ కాల్చిన మొదటి రెండూ పక్కకు పోయాయి. మూడోదానికి ఊపిరి బిగబట్టడం మానేసింది. పిస్తోలు తన్నినప్పుడల్లా భుజంతో కాచుకుని, మళ్ళీ గురి చూసి, మళ్ళీ కాల్చింది. చివర రాస్ కాగితపు బొమ్మ విప్పి లెక్కపెట్టాడు. నలభై ఆరు.

సత్యనారాయణ దగ్గరికొచ్చాడు. నవ్వుతున్నాడు. మళ్ళీ అదే గొంతు, అదే తెలుగు.

"శభాషమ్మా. పాసయ్యావు, సంతోషం. అయినా నా మాట విను. ఈ వార్నింగ్ అదీ ఉంది కదా, ట్రక్కు డ్యూటీ రోస్టర్‌లో నీ పేరు పెట్టాలంటే నాకూ ఇబ్బందే. ఓ ఆర్నెల్లు కంట్రోల్ రూమ్‌లో..."

నీరజ పిస్తోలు ఖాళీ చేసి రాస్‌కు అందించింది. చప్పుడు పడకుండా చెవులకు పెట్టుకున్న డిప్పలు తీసి బల్ల మీద పెట్టింది. రాస్ పక్కనే ఉన్నాడు.

"సార్, ఆరేండ్ల సంది మీరు నాకు ఏం జెప్పినా తెలుగుల్నే జెప్పిన్రు. ఒక్కటి గుడ కాయితం మీద లేదు. సోమవారం ట్రక్కు మీద నా పేరు లేకపోతే, ఎందుకు లేదో ఇంగ్లీషుల రాసియ్యండి. మీ సంతకం పెట్టి ఇయ్యండి. రాస్ గుడ సదువుతడు."

రాస్‌కు తన పేరు తప్ప పెద్దగా ఏమీ అర్థం కాలేదు. ఏమిటన్నట్టు సత్యనారాయణ వైపు చూశాడు. సత్యనారాయణ జేబులోంచి పెన్ను తీశాడు, కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున రోస్టర్ వచ్చింది. నాలుగో నంబరు ట్రక్కు, గార్డు, నీరజ. కింద సత్యనారాయణ సంతకం.