పురుగుల గదిలో కరగని పొట్ట

ఫోన్‌లో ముఖం కనిపించిన ప్రతివాడూ డాక్టరే అని నేను నమ్మిన కాలం ఒకటుండేది. మా గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో బడిపిల్లలు నా లావు చూసి పెట్టిన పేరు 'సైనైడ్ గుట్ట' (గనులు మూతపడ్డా, సైనైడ్‌తో బంగారం తీసి పారబోసిన ఆ మట్టిగుట్టలు మాత్రం కదల్లేదు, నాలాగే). దసరా సెలవులయ్యేలోగా ఆ పేరు వదిలించుకోవాలని పట్టుబట్టి, ఆవని దగ్గరున్న అవ్వ ఊరికి పోయాను. ఒక వీడియోలో అన్నం మానమన్నారు, ఇంకోదాంట్లో అన్నమే తినమన్నారు. చివరికి ఒక మహానుభావుడు కర్పూరం, వెల్లుల్లి, నీలగిరి తైలం కలిపి పొట్టకు పట్టించి వెచ్చని గదిలో కూర్చోమన్నాడు. తిండి మానక్కర్లేదు కదా, ఆయనే నాకు దేవుడయ్యాడు.

ముసురు రోజులు. ఆ ఇంట్లో కుంపటి పెట్టి వెచ్చగా ఉంచిన గది ఒక్కటే, పట్టుపురుగులది. నాలుగైదు రోజుల్లో గూళ్లు కట్టాల్సిన పురుగులు. అవి పోతే ఇంటిల్లిపాది కష్టం మట్టిపాలే. తలనూనె వాసనతో కూడా అవ్వ ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు. తట్టల్లో ఆకు వేస్తూ, "తినండమ్మా నా బంగారాల్లారా, బాగా లావు కాండి!" అని ముద్దుచేసేది. (లావు కమ్మని ఒకరు ముద్దుచేయడం నేను విన్నది అక్కడే.)

అవ్వ ఆకుకోసం తోటకు పోగానే ఆ మందు పూసుకుని ఆ గదిలో దూరాను. పొట్ట భగభగ మండింది. కొవ్వే కరుగుతోందనుకుని పళ్లు బిగబట్టాను. కాసేపటికి గదిలో చప్పుడు ఆగిందని తెలిసింది. పురుగులన్నీ తలలెత్తి, నమలడం మానేశాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

తోటనుంచి వచ్చిన అవ్వ గడపలోనే ముక్కు పట్టుకుంది. "యాడిదే ఈ కంపు? ఏం పూసుకున్నావే?"

"పొట్ట కరిగిపోతాదని ఫోన్లో చెప్పినారవ్వా..."

"అయ్యో, కొంప ముంచినావు కదే! బయటికి పో!"

కిటికీలు తెరిచింది. నేను సీకాయతో రుద్దుకుని, ఏడుస్తూ వచ్చి గడప బయట కూలబడ్డాను. అవ్వ కొత్త ఆకు పరిచింది. ఒక్కటీ ముట్టలేదు. ఎంతసేపు అలా చూశామో! చివరికి ఒక మూలనుంచి కరకర మొదలైంది. పక్క తట్ట, ఆ పక్క తట్ట... అవ్వ నేలమీద చతికిలబడి దండం పెట్టింది.

తర్వాత నా వైపు తిరిగింది. "ఆ చెప్పినోడు నిన్ను చూసినాడా? పురుక్కి ఆకెయ్యాలన్నా దాన్ని చూసి ఏస్తామే!"

రాగిముద్ద, పులుసు తెచ్చి ముందు పెట్టి, "తినమ్మా నా బంగారూ" అంది. (లావు కమ్మని మాత్రం అనలేదు.)

గుట్ట ఇప్పటికీ పెద్దగా తరగలేదు. అవ్వే లేదు. ఆ ఒక్క పిలుపు మళ్లీ వినిపిస్తుందంటే, మండినా సరే, ఆ కర్పూరం ఇప్పుడైనా పూసుకుంటాను.