వరుసలో ముందున్న సంచి

పోయిన వారం రాబర్ట్‌సన్‌పేటలో ఒక పెద్ద అంగడికి వెళ్లాను. ఉల్లిగడ్డలు, బెల్లం, రాగిపిండి తీసుకుని బిల్లు దగ్గర నిలబడితే అక్కడి పిల్ల తల ఎత్తకుండానే "అవ్వా, బ్యాగుకి దుడ్డు వేరే. వేసేదా, వద్దా?" అంది. ముందు ఊరకే ఇచ్చేవాళ్లు కదమ్మా అన్నాను. "ఆ కాలం పాయె అవ్వా. ప్లాస్టిక్కు తగ్గించల్లంట. మీ వీధిలోనే ఒకవ్వ గుడ్డసంచులు కుట్టి అందరికీ ఇస్తా ఉండాది కదా, ఒకటి అడిగి తెచ్చుకోరాదా?" అంది. ఆ మాటకి నాకు అరికాలి నుంచి మంట లేచింది. సరుకంతా కొంగులో మూట కట్టుకుని బయటపడ్డాను. బస్టాండు దాకా కూడా రాలేదు, ముడి జారి ఉల్లిగడ్డలన్నీ రోడ్డు మీద దొర్లాయి. పాపం, ఎవరో ఒకామె వంగి ఏరి ఇచ్చింది. ఆమె భుజానికి తగిలించుకున్నదీ ఆ సంచే.

ఆ సంచులు కుట్టే ఆమె నా తోడికోడలు. మా మరిది పెళ్లాం. గౌనిపల్లి దగ్గర పల్లెలో మామిడితోట ఉన్న ఇంటి పిల్ల, ఐదో తరగతి దాకా చదివి వచ్చింది. నేను పెద్దకోడల్ని. నాకు ఒక్క అక్షరం రాదు. ఊరి నుంచి ఉత్తరం వస్తే మా అత్త దాన్ని నా ముందు నుంచే పట్టుకుపోయి ఆమె చేతిలో పెట్టేది. ఆమె చదువుతుంటే అత్త కళ్లు తుడుచుకునేది, నేను లోపల పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకునేదాన్ని. పొగ వల్ల కాదు.

అప్పట్లో బంగారు గని కూలీలకిచ్చిన మా లైను ఇళ్లలో ప్రతి ఇంటికీ ఒక ఖాకీ సంచి ఉండేది. గనిలోకి దిగే మగవాళ్ల ప్యాంట్లు మోకాళ్ల దగ్గర చిరిగిపోతే, బాగున్న గుడ్డ కత్తిరించి కుట్టేవాళ్లం. దాని మీద ఎర్రదారంతో, గనిలో ఇంటాయనకిచ్చిన టోకెను నంబరు. రేషను ఇచ్చేరోజు తెల్లవారగానే ఆడవాళ్లు డిపో ముందు సంచులు వరుసగా పెట్టి, గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి ఉంచి, వంట పని చూసుకోవడానికి ఇళ్లకు పోయేవాళ్లు. మనిషి లేకపోయినా సంచి నిలబడ్డట్టే లెక్క. పక్కింటామెతో జుట్టూ జుట్టూ పట్టుకున్నా సరే, ఆమె సంచిని మాత్రం ఎవరూ కదిలించేవాళ్లు కాదు. మా రెండిళ్ల సంచులూ కుట్టింది తోడికోడలే. ఒకే ఖాకీ, ఒకే కొలత. నంబరు చదవడం రాదు కనుక నా సంచిని నేను ఎండుచేపల వాసన బట్టి గుర్తుపట్టేదాన్ని.

ఒకసారి సన్నబియ్యం వచ్చిందని తెలిసింది. కొంచెమే వచ్చిందని కూడా తెలిసింది. ఆ పొద్దు మా ఇద్దరి సంచులూ పెట్టి వచ్చింది ఆమే. డిపో తెరిచేలోపు ఒకసారి చూసి వద్దామని వెళ్లాను. మొదటి నాలుగైదింటిలో ఆమె కుట్టిన సంచి ఒకటి, బాగా వెనక ఇంకొకటి. వంగి వాసన చూశాను. ముందురోజే రెండింటినీ సబ్బు పెట్టి ఉతికేసింది, మహాతల్లి. చేపా లేదు, ఏమీ లేదు. ఇంక ఆలోచించేది ఏముంది? ముందున్నది దానిదే అయి ఉంటుంది, నాది వెనక పడేసి ఉంటుంది అనుకున్నాను. చుట్టూ చూసి, ముందున్న సంచిని లాగి, వరుస చివర పెట్టి, రాయి కూడా ఉంచాను.

డిపో తెరిచారు. వెనక ఉన్న సంచి వంతు వచ్చి నంబరు పిలిస్తే లేచి వెళ్లింది తోడికోడలు. నా నంబరు పిలిచేసరికి తూచే ఆయన ఖాళీ గోనె దులుపుతున్నాడు. "అయిపాయెనమ్మా, ఇంగ వచ్చే నెలే" అన్నాడు. అంటే ఆమె నా సంచిని ముందు పెట్టి, తనది వెనక పెట్టుకుంది. ఆ సాయంత్రం తనకు వచ్చినదాంట్లో సగం తెచ్చి నా చేటలో పోసింది. "చూడు, దాని గుణం చూడు" అని అత్త ఊరంతా చెప్పింది. ఆ అన్నం తెల్లగా, మల్లెపూల మాదిరి ఉంది. నేను మాత్రం తల ఎత్తకుండా గబగబా మింగేశాను.

ఆ కోపానికే, నాకు నలభై ఏళ్లు దాటాక, భజన మందిరంలో పెట్టిన రాత్రిబడిలో పలక పట్టాను. నేను నేర్చుకునేసరికి ప్లాస్టిక్కు కవర్లు వచ్చేశాయి. వాటిని చూసి నా అంత సంతోషపడినవాళ్లు ఈ కోలారు జిల్లాలో ఉండరు. ఇంక ఆమె సూదితో, ఆమె దారంతో పనేముంది? అర్ధపావు పచ్చిమిరపకాయలకీ ఒక కవరు అడిగి తీసుకునేదాన్ని, పరుపు కింద దాచేదాన్ని, పక్క మీద తిరిగితే గరగరమనేది. ఎక్కువైతే కాలువలో పడేసేదాన్ని. గని మట్టి పోసిన సైనైడు దిబ్బ కింద ముళ్లకంపలకి రంగురంగుల కవర్లు పూసినట్టు వేలాడుతుంటే, వానొచ్చి కాలువలు నిండి నీళ్లు గడపలెక్కితే అందరూ ఎవరెవర్నో తిట్టారు. వాటిలో సగం నావే అయి ఉంటాయి.

ఉల్లిగడ్డలు దొర్లిన మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. ఈ వయసులో కొంగులో మూట ఎన్నిసార్లు కట్టేది? ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. "ఏమ్మే, ఒక సంచి ఉండాదా?" అన్నాను, గుమ్మంలోనే నిలబడి.

"ఎప్పుడో కుట్టి పెట్టినానక్కా. నువ్వు అడుగుతావో, అడగవో అని చూస్తా ఉన్నా."

"అడగకుంటే?"

"నేను పోయినాక మావోళ్లు తెచ్చిచ్చేవాళ్లులే."

పెట్టె తీసి ఖాకీ సంచి తెచ్చింది. వీధిలో వాళ్లకిచ్చే వాటిమీద ఏమీ ఉండదు. దీనిమీద మాత్రం ఎర్రదారంతో మా ఆయన టోకెను నంబరు. నేను పైకే చదివాను, నాకు వచ్చని ఆమెకి తెలియాలని.

"బాగా చదివినావు" అంది, దారం పంటితో తెంపుతూ. "ఇంగ ఈసారి లాగేటప్పుడు చూసుకుని లాగు."

ఆమెకి తెలుసు. ఆ పొద్దు నుంచీ తెలుసు. అత్తకి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, ఎన్నిసార్లు జగడమాడినా నా ముఖాన కొట్టలేదు. నాకైతే అలాంటి మాట నాలుక మీద ఒక పూట నిలవదు. చదువు మీద కుళ్లుకున్నాను, కుట్టు మీద కుళ్లుకున్నాను, ఇప్పుడు ఆ నోటి మీద కుళ్లుకోవాల్సి వచ్చింది.

సంచి భుజానికి తగిలించుకుని వచ్చేశాను. రోజూ అదే పట్టుకుని అంగడికి పోతున్నాను. గని మూతబడింది, డిపో గోడ కూలింది, ఆ బియ్యం తిన్నవాళ్లలో మేమిద్దరమే మిగిలాం. ఆ పొద్దు ఆమె నా సంచి పెట్టిన చోటికి మాత్రం, ఇన్నేళ్లు నడిచినా, నేనింకా చేరలేదు.