నడిమి మునుం

మొన్న కోటగిరిలో మా చెల్లెలింట్లో భోంచేసి బాన్సువాడ బస్సెక్కితే కిటికీ పక్క సీటు దొరికింది, ఇక నా అంత అదృష్టవంతురాలు లేదనుకుంటూ పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఒక మడిలో నాట్ల మిషన్ దడదడమంటూ పోతోంది, దాని మీద ఒక్క మనిషి, అంతే. మన రోజుల్లో నాట్లంటే మడినిండా ఆడవాళ్లు, వాళ్ల మాటలు, నవ్వులు. ఆ వరస కనబడకపోయేసరికి నాకు నేను పాఠాలు చెప్పిన ఆడపిల్లల హైస్కూల్లో తొమ్మిదో తరగతి గుర్తుకొచ్చింది. పొలానికీ తరగతికీ ఏం సంబంధమంటారా, చెప్తాను. చుట్టు తిరిగి చెప్పడం నా అలవాటని మా ఆయన ఎలాగూ దెప్పుతూనే ఉంటారు.

ఆ ఏడు మా తరగతి పిల్ల ఒకతె ట్రాక్టర్ మీదినుంచి పడి, తలకు దెబ్బ తగిలి, హైదరాబాద్ దవాఖానలో నెలల తరబడి ఉండి, వానాకాలంలో మళ్లీ బడికొచ్చింది. అంతకుముందు ఒట్టి వాగుడుకాయ; ఇప్పుడు ఒక్క మాట కోసం కళ్లు మూసుకుని వెతుక్కునేది, కాసేపు చదివితే అలసిపోయేది, చప్పుడైతే రెండు చేతులతో తల పట్టుకునేది. కూలికి పోయే వాళ్లమ్మ కొంగు మెలిపెడుతూ నా ముందు నిలబడి, "దసరా దాంక చూస్త టీచర్. పిల్లకు కష్టమైతే ఇంట్లనే ఉంచుకుంట, బాధపెట్టి సదివియ్య" అంది. బడంటే ప్రాణమిచ్చే పిల్ల, ఆ బడి కాస్తా చేజారుతుందేమోనని నాకు మనసు మనసులో లేదు.

టీచరును కదా, మొదటి బెంచీలో నా కళ్లముందే కూర్చోబెట్టాను. మా ఆడపిల్లలు ఒప్పుకోలేదు. వాళ్లలో చాలామంది సెలవుల్లో నాట్లకు వెళ్లేవాళ్లు. నాట్లలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టీని మునుం అంటారు, దాన్ని నాటుకుంటూ పోవడమే మునుం పట్టడం. చెయ్యి తిరగని కొత్తమ్మాయికి నడిమి మునుం ఇస్తారు, వెనకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్లు చెయ్యేసి వరసలో కలుపుకుంటారు. వీళ్లూ ఆ పిల్లను అలాగే నడిమి బెంచీలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నారు. అటెండరన్నను బతిమాలితే, గంట కొట్టే ముందు మా గుమ్మం దగ్గరికొచ్చి చెయ్యూపేవాడు, ఆమె చెవులు మూసుకునేది. తరగతంతా గుసగుసల్లో మాట్లాడటం నేర్చుకుంది. పక్క తరగతి టీచరుకైతే మేమేదో కుట్ర పన్నుతున్నామనే అనుమానం.

అంతవరకూ బాగానే ఉంది గానీ, ప్రేమ ఎక్కువైపోయి ఆమె మునుం మొత్తం వాళ్లే నాటేయడం మొదలుపెట్టారు. హాజరు పిలిస్తే ఆమె బదులు పక్కవాళ్లు పలికేవారు, లెక్కడిగితే వాళ్లే చెప్పేవారు, తిన్న పళ్లెం కూడా కడుక్కోనిచ్చేవారు కాదు. ఆ పిల్ల రోజురోజుకూ ముడుచుకుపోయింది. దసరా దగ్గరపడుతోంది, నేనేమో ఎవర్ని కోప్పడాలో తెలియక తికమకపడుతున్నాను. ఒకరోజు ఆమెనే ఏదో ప్రశ్న అడిగాను. పక్కపిల్ల నోరు తెరవబోయింది. ఆమె బల్ల మీద అరచెయ్యి ఆనించి లేచి, కళ్లు మూసుకుని, ఒక్కో మాటా ఏరుకుంటూ, "నా మునుం... నేనే పడ్త. మీరు... జర ఆగుండ్రి" అంది.

ఆగాం. చాలాసేపే ఆగాం. చివరికి జవాబు చెప్పింది, అదీ సగం తప్పు. నాకు మాత్రం సంతోషంతో కళ్లనీళ్లు ఆగలేదు. పిల్లలు చప్పట్లు కొట్టబోయి, గుర్తొచ్చి, చేతులు గాల్లోనే ఆపి ఊపారు. ఆ చప్పుడులేని చప్పట్లకు ఆమె దెబ్బ తగిలాక మొదటిసారి పకపకా నవ్వింది. ఆ తర్వాత ఆమె అడిగితేనే చెయ్యేసేవారు. దసరా సెలవులు కాగానే వాళ్లమ్మే స్వయంగా తీసుకొచ్చి బడి గుమ్మంలో దింపి, నావైపు చూసి తల ఊపి పనికి వెళ్లిపోయింది.

ఇప్పుడా పిల్ల పిట్లం దగ్గర అంగన్‌వాడీ టీచరు. ఇప్పటికీ మాట నిదానమే. బస్సు దిగగానే ఫోన్ చేసి మిషన్ సంగతి చెప్పాను. ఎప్పటిలాగే ఆమె ఆగింది, నేనూ ఆగాను. నా నోరు కుదురుగా ఉండేది ఆమెతో మాట్లాడేటప్పుడే. "మంచిదే టీచర్, అమ్మోళ్లకు వంగే బాధ తప్పింది" అంది నవ్వుతూ. ఇంకో మాట వెతుక్కుని, "గని... నడిమి మునుం ఎవరికిస్తరు ఇగ?" అంది.

మిషన్ నాటిన వరసలు ఎంత తిన్నగా ఉన్నాయో కళ్లారా చూసి వచ్చినదాన్నే గానీ, వాటిలో నడిమి మునుం ఏదో మాత్రం పోల్చుకోలేకపోయాను.