చిన్నతల్లి నవ్విన చోటు

పరదేశికి వీడియో ఎడిటింగ్ ఎవరూ నేర్పలేదు. చోడవరంలో వినేవాడు దొరికితే చాలు, ఆ మాట చెప్పకుండా వదిలేవాడు కాదు. డిగ్రీ మధ్యలో మానేసి, ఫోన్లో చూసి చూసి పని పట్టాడు. బస్టాండు వెనక మేడ మీద ఒక గది, అందులో పాత కంప్యూటరు. ఏ పెళ్లికి వెళ్లినా అందరినీ అందంగా చూపించేది తను. అన్నం మాత్రం ఆఖరి బంతిలో. ఆ మంట అతన్ని వదిలేది కాదు.

కెమెరా ఫైళ్లు ఆ కంప్యూటరు మోయలేని బరువు. సరిగ్గా తాళి కట్టే చోట బొమ్మ ఆగిపోయేది, సన్నాయి ముందుకు పోయేది. దానికి మందు కూడా సొంతంగానే వెతుక్కున్నాడు. ఒక్కో ఫైలుకీ బొమ్మ నాణ్యత తగ్గించిన తేలికపాటి నకలు చేసుకుని, కత్తిరింపులన్నీ ఆ నకళ్ల మీద చేసేవాడు. పని నీళ్లలా సాగిపోయేది. చివర్లో నకళ్లు తీసేసి, వాటి చోట అసలు ఫైళ్లు తగిలించి వీడియో బయటికి తీయాలి. ఇది అతనికి తెలియక కాదు. కానీ రావికమతం బంగార్రాజు కూతురు రోజా పెళ్లప్పుడు ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. హార్డ్ డిస్క్ నిండిపోయింది. నకలు ఫోన్లో చూశాడు, బాగానే ఉంది. అందరూ ఫోన్లోనే కదా చూస్తారు, ఈ చెరకు రైతులకి తేడా ఏం తెలుస్తుంది అనుకుని ఆ నకళ్లతోనే వీడియో తీసి ఇచ్చేసి, అసలు ఫైళ్లు చెరిపేశాడు.

నిజంగానే ఎవరికీ తెలియలేదు, బంగార్రాజు భార్య చిన్నతల్లి చనిపోయేదాకా.

పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టాలని బంగార్రాజు మేడెక్కి వచ్చాడు. చేతిలో కొత్త బెల్లం మూట.

"దానిది మంచి ఫోటో ఒక్కటీ నేదు బాబూ. కెమేరా కనబడితే మొకం తిప్పీసీది. నీ వీడియోలో ఒక్కకాడ నవ్వింది సూడు, అది తీసియ్యి."

పరదేశికి ఆ చోటు గుర్తుంది. ఆమె నవ్వింది తనను చూసే. "ఒరే కెమేరా గుంటడా, ఆకరి బంతికి కూరలుండవు. అది పక్కనెట్టి రా" అంది. దగ్గరుండి వడ్డించింది కూడా.

అక్కడ ఆపి, బొమ్మ పెద్దది చేశాడు. ముఖం గళ్లు గళ్లుగా విడిపోయింది. కళ్లున్న చోట రెండు మచ్చలు.

బంగార్రాజు తెర మీదకి వంగాడు. "కదిలిపోయినట్టుంది. ఏనాడు కుదురుగా నిలబడింది గనక" అన్నాడు.

పరదేశి ఆ బొమ్మనే ఫ్లెక్సీకి తీసిచ్చాడు. తన తప్పు చచ్చిపోయిన మనిషి మీదకి పోతుంటే, పోనిచ్చాడు.

పెద్దకర్మ నాడు ఇంటి ముందు ఫ్లెక్సీ కింద ఆడవాళ్లదీ అదే మాట. "పనీ పనీ అని తిరగడవే గానీ, ఎక్కడ నిలిచింది ఆయమ్మ."

"అమ్మ కదల్లేదు" అంది రోజా. "నా బుజం పట్టుకునే నిలబడింది. పక్కన నా జడపూలు సూడండి, అవీ అలాగే ఉన్నాయి. నేను కూడా కదిలేనా?"

అక్కడే ఉన్న పరదేశి ఆ మాట విన్నాడు. తల దించుకునే బంగార్రాజు దగ్గరికి వెళ్లాడు.

"అత్త కదల్లేదు మావా. అసలు వీడియో నేనే చెరిపీసేను. మీకేటి తెలుస్తాదిలే అనుకున్నాను."

"ఇంకెక్కడా నేదా?"

"నేదు."

బంగార్రాజు ఫ్లెక్సీ వైపు తిరిగాడు. తిడితే బాగుండునని పరదేశి ఎదురుచూశాడు.

"మొదటి బంతికి ఆకులేస్తన్నారు, కూకో" అన్నాడు బంగార్రాజు, అతని వైపు తిరక్కుండానే. "అదుంటే నిన్ను ఆకరిదాకా ఉండనిచ్చీది కాదు."

పరదేశి కూర్చున్నాడు. ఎదురుగా ఫ్లెక్సీలో మచ్చలైన ఆ కళ్లు. వడ్డించేవాడు వచ్చి కూర కావాలా అని అడిగాడు. వద్దని చెయ్యి అడ్డం పెట్టలేకపోయాడు. వేసింది తినలేకపోయాడు.