దీపాలు వెలగకముందే లేచేవాళ్ళు

మా ముత్తాతగారు పన్నెండు గ్రామాలకు జమీందారు. కలెక్టరు దొర విడిది చేసినప్పుడు ఆయన ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు ఆ తాలూకాలో మా ముత్తాతగారికి ఒక్కరికే ఉండేది. మా తాతగారి కాలంలో జమీందారీ రద్దయింది. వచ్చిన నష్టపరిహారంతో ఆయన టౌనులో సినిమా హాలు కట్టించారు, మున్సిపల్ చైర్మన్ అయ్యారు. బాల్కనీలో మా కుటుంబానికి ప్రత్యేకంగా ఒక బాక్సు, అందులో ఎర్ర ముఖమల్ సోఫా ఉండేవి. మేము వచ్చి కూర్చుంటే గాని ఆట మొదలయ్యేది కాదు. మా నాన్నగారు ఆ హాలుకు యజమాని. నేను జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లో, కార్లలో పెట్టే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగిని. వయసు యాభై ఎనిమిది. ఒక గది ఇల్లు, ఒకటే కంచం.

నేను డిగ్రీ చదివే రోజులకే హాలు దిగజారింది. ఊళ్ళోకి వీడియోలు వచ్చాయి, కొత్త హాళ్ళు వచ్చాయి, మంచి సినిమాలు మాకివ్వడం మానేశారు. అప్పుడు నాన్నగారు ఉదయం ఆటను ఒకాయనకు లీజుకిచ్చారు. ఆయన వేసినవి మార్నింగ్ షో సినిమాలు. తెలుగువాళ్ళకు ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. మలయాళం నుంచి డబ్బింగ్ చేసిన బొమ్మ, మధ్యలో సంబంధం లేకుండా అతికించిన బిట్లు, తలకు తువ్వాళ్ళు చుట్టుకున్న జనం.

వాళ్ళు ముందు గేటు నుంచి వచ్చేవారు కాదు. వీధిలోకి కనిపించని పక్క గేటు ఒకటి ఉండేది. మార్నింగ్ షోకి తప్ప ఇంకే ఆటకూ దాన్ని తీసేవారు కాదు. తీసినప్పుడల్లా కీచుమనేది. వెళ్ళేటప్పుడూ ఆ దారే. కథ ముగియకముందే, దీపాలు వెలగకముందే, ఒక్కొక్కరే లేచి జారుకునేవారు. దీపాలు వెలిగేసరికి హాలంతా ఖాళీ కుర్చీలు.

నాన్నగారు మాత్రం దాక్కోలేదు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని, ఆ గేటు ఎదుటి వరండాలోనే కుర్చీ వేయించుకుని, వచ్చిన ప్రతి మనిషికీ చేతులు జోడించి నమస్కారం పెట్టేవారు. మన హాలుకు వచ్చినవాళ్ళు మన అతిథులు, అనేవారు. ముసుగు తీసి ప్రతినమస్కారం చెయ్యాలో, తీయకుండా పారిపోవాలో తెలియక వాళ్ళు పడే అవస్థను నేను మేడమీది గదిలోంచి చూసేవాణ్ణి. అప్పుడప్పుడు ఎవరి భార్యో, ఎవరి తండ్రో కబురు పంపేవారు, మావాడు మీ హాలుకు వస్తున్నాడా అని. నాన్నగారిది ఒకటే జవాబు. "మా హాలుకు ఎవరొచ్చారో మా ఇంట్లో ఎవరం చెప్పం." ఇన్‌స్పెక్టరు భార్య అడిగించినా అంతే, రిక్షా తొక్కేవాడి తల్లి వచ్చి ఏడ్చినా అంతే. జమీందారీ పోయాక మా ఇంట్లో మిగిలిన శాసనం అదొక్కటే.

నన్ను ఆ ఆటకు హాలులో అడుగు పెట్టనివ్వలేదు. అందుచేత పెద్దల సినిమా అన్నది నేను మొట్టమొదట చూసింది ఇక్కడే, ఇంత వయసొచ్చాక.

ఎస్-బాన్ రైల్లో కాసేపు వెళితే ఒక చిన్న కీనో, అంటే సినిమా హాలు, ఉంది. ప్రతి నెలా ఆఖరి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ డెబ్భైల నాటి పెద్దల సినిమాలు వేస్తారు, అసలు ఫిల్ము రీళ్ళ మీద. ఆ రకం సినిమాలకు అది స్వర్ణయుగమని వాటిని ఇష్టపడేవాళ్ళ మాట. మొదటిసారి నేను వెళ్ళింది రీళ్ళ కోసం. ప్రొజెక్టరు చప్పుడు విని చాలా ఏళ్ళయింది. కథ ముగింపుకు వస్తోందని తోచగానే నా కాళ్ళు వాటంతటవే లేచాయి. మా ఊరి జనం వీపులు చూసి చూసి నేర్చుకున్న మర్యాద అది. తలుపు దగ్గర టికెట్లిచ్చే పెద్దావిడ ఆపింది.

"బాగా లేదా?" అని జర్మన్‌లో అడిగింది.

బాగుందన్నాను.

"మరి చివర చూడకుండా వెళ్తారేం? ఇంత కష్టపడి తీసింది ఆ చివర కోసమే కదా!"

వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. దీపాలు వెలిగాయి. ఉన్నది పదిమంది లోపు. ఊలు అల్లుకుంటున్న ఒక రిటైరైన టీచరమ్మ, చేతికర్రల సాయంతో నడిచే ఒక ముసలి జంట, తక్కినవాళ్ళూ ఇంచుమించు నా ఈడువాళ్ళే. ఎవరూ ముఖం దాచుకోలేదు. ఒకరి కోటు ఒకరు అందించుకుని, ఫిల్ము రంగులు వెలిసి గులాబీగా మారిన సంగతి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజు బొమ్మలో ఒక విధవ గదులు అద్దెకిచ్చే ఇల్లు నడుపుతుంది. ఒక గదిలోకి పియానోలు శ్రుతి చేసే మనిషి దిగుతాడు. చూపించవలసినదంతా చూపించారు, దాపరికమేమీ లేదు. నాకు మిగిలిపోయింది మాత్రం వేరే దృశ్యం. అతను వెళ్ళిపోయాక ఆమె వంటింట్లో నిలబడి ఒక నారింజపండు ఒలుచుకుని, తొన తర్వాత తొన, మొత్తం ఒక్కతే తింటుంది. కెమెరా కదలదు. పాట లేదు. ఆమె తినడం పూర్తయ్యేదాకా మనం ఆగవలసిందే. నేను రాత్రి భోజనం చేసేది ఎలా ఉంటుందో బయటినుంచి చూసినట్టయింది.

తర్వాత ఒక్క నెలా వదల్లేదు. ఆ సినిమాల్లో మనుషులు మెట్లెక్కడానికి సమయం తీసుకుంటారు. తలుపు తట్టేముందు జుట్టు సర్దుకుంటారు. ఒంటిమీద ఆపరేషన్ మచ్చ ఉంటే ఉంటుంది, పొట్ట ఉంటే ఉంటుంది. గోధుమరంగు పూల కాగితం అంటించిన గోడలు, మీద పడే పసుపు దీపం. మధ్యలో ఎవరో ఒకరు హాస్యం ఆడతారు, సిగ్గు తీరడానికి. మా హాలులో బిట్టు వేరు, బొమ్మ వేరు. ఇక్కడ బిట్టు అనేది లేదు. ఆ కలయిక కథలోంచి పుట్టి కథలోకే వెళ్ళిపోతుంది. అన్నీ మంచివని అనను. కొన్ని మోటువి, కొన్నిటిలో ఆడవాళ్ళను చూసిన తీరు నాకు నచ్చలేదు. ఒక సినిమా వేసేముందు, అందులో నటించినావిడ తనను బలవంతపెట్టారని తర్వాత చెప్పుకుందని టికెట్ల పెద్దావిడ నిలబడి చెప్పింది. నేనూ, ఊలు టీచరమ్మా లేచి వచ్చేశాం. అది ముఖం చాటేసి లేవడం కాదు.

ఇంతకూ నాకు ఈ దేశంలో తెలుగు వినిపించే ఇల్లు ఒకటే ఉండేది. ఆ ఇంటాయన ఇంజనీరు, ముప్పయ్యేళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డవాడు, మా టౌను పక్క పల్లెవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడే నా భోజనం. ఆయన భార్య నన్ను బాబుగారూ అని పిలిచి, మంచి కుర్చీ ఒకటి నాకని వేరుగా ఉంచేది. వారంలో నేను తెలుగు మాట్లాడేది ఆ కుర్చీలోనే. మొదటి పరిచయంలో ఆయన, "మీ హాలు నాకు తెలవకపోవడవేంటండీ! పక్క గేటు తీస్తే కీచుమనేది, ఆయ్," అన్నాడు. ఆ గేటు కీచుమనడం విన్నవాళ్ళు ఏ ఆటకు వచ్చినవాళ్ళో నాకు తెలుసు. మాట మార్చాను.

ఆఖరి ఆదివారాల్లో చెయ్యి కడగ్గానే లేచేవాణ్ణి. "బాబుగారికి ఎవరో జర్మనావిడ దొరికిందండోయ్," అని ఇద్దరూ ఆటపట్టించేవారు. మొన్నటి శీతాకాలంలో ఒకనాడు కరీంనగర్ నుంచి కొత్తగా బ్లూ కార్డు వీసా మీద వచ్చిన ఇంజనీరు ఒకతను కూడా భోజనానికి వచ్చాడు.

"సార్, పోయిన నెల మిమ్మల్ని ఆ చిన్న కీనో కాడ చూసిన," అన్నాడు. "బయట పోస్టర్ చూసి నేనే పరేషాన్ అయిన. లోపల ఏమన్న టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉండెనా?"

"ఏం పోస్టరు?" అంది ఇల్లాలు.

"అక్కా, అది తినుకుంట చెప్పేది కాదు."

సోఫాలో ఉన్న కూతురు, యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల, ఫోనులోంచి తల ఎత్తకుండా జర్మన్‌లో ఏదో అంది. అందులో ఏముంది, మామూలేగా, అని.

"సినిమా చూడ్డానికి వెళ్ళాను," అన్నాను. "పాత పెద్దల సినిమా. బాగుంది."

ఇంటాయన పెద్దగా నవ్వాడు. "అయ్యబాబోయ్! జమీందారుగారి మనవడు మార్నింగ్ షోకా! మా రోజుల్లో మేవైతే ఆ సందు మొహం కూడా చూసేవోళ్ళం కాదండి."

"అబ్బో, శ్రీరామచంద్రుడు దిగొచ్చాడు," అంది భార్య, పప్పు వడ్డిస్తూ. "బాబుగారూ, హాలు మీదే కదా. మీరు చెప్పండి, ఈయన ఎప్పుడూ రాలేదా?"

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఆయన చెయ్యి అన్నంలో ఆగిపోయింది. నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

"మా హాలుకు ఎవరొచ్చారో మా ఇంట్లో ఎవరం చెప్పమమ్మా."

మా ఊళ్ళో ఆ మాట అందరి మీదా ఒకేలా కప్పిన దుప్పటి. ఊరంతటికీ అదే జవాబు కనుక ఎవరి గుట్టూ బయటపడేది కాదు. ఆ బల్ల దగ్గర మా హాలుకు వచ్చి ఉండగలవాడు ఆయన ఒక్కడే. ఆ సంగతి నాకు తట్టేలోపే ఆమె నవ్వు ఆగిపోయింది. గరిటె గిన్నెలో పెట్టేసింది. కరీంనగర్ అతను, "మజ్జిగ ఉన్నదా అక్కా?" అన్నాడు.

మరుసటి ఆదివారం రమ్మని మెసేజీ రాలేదు. ఆ పై వారమూ లేదు. పిలవని ఇంటికి మావాళ్ళెవరూ వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు.

వేసవి మొదట్లో ఏషియన్ షాపులో, కరివేపాకు దగ్గర ఆయన ఎదురయ్యాడు. చుట్టూ చూసి దగ్గరికొచ్చాడు.

"బాబుగారూ, రాలేదమ్మా అని ఒక్క ముక్క అనేస్తే పోయేది కదండి."

"పోయేది."

"మీకేవండీ, ఒక్కళ్ళు. నాకు రోజూ తద్దినవే. ఇంకా ఏవేం దాచావు, ఇంకా ఏవేం దాచావు అని."

"నన్ను అబద్ధం చెప్పమన్నారా?"

"సరదాగా అడిగిందానికి అబద్ధవేంటండీ! మీ నాన్నగారూ ఇంతే. దణ్ణాలెట్టి దణ్ణాలెట్టి మా ప్రాణాలు తీసేసేవోరు. తల దించుకుని పోనిచ్చేవోరా? అలాగుండబట్టే కదండీ, హాలు పోయింది."

నేను చేతులు జోడించి నమస్కారం పెట్టాను. ఆయన ఒక చేతిలో కరివేపాకు పొట్లం, ఒక చేతిలో బియ్యం సంచి పట్టుకుని, తిరిగి పెట్టాలో వద్దో తెలియక కాసేపు నిలబడి, డబ్బు కట్టేవైపు వెళ్ళిపోయాడు. కుర్రతనంలో సైకిలు దిగి వరండా ముందు అలాగే నిలబడి ఉంటాడు.

ఇప్పుడు ఆదివారాలు పొడుగైపోయాయి. పప్పు నేనే వండుకుంటాను, ఎక్కువవుతుంది. తెలుగు మాట్లాడే పని లేదు. ఆఖరి ఆదివారం కీనోకి వెళ్ళి, బొమ్మ పూర్తయ్యాక కూడా దీపాలన్నీ వెలిగేదాకా కూర్చుంటాను. టీచరమ్మ నా కోటు అందిస్తుంది. ఆమెకు నా పేరు పలకడం రాదు, నేను సరిదిద్దలేదు.

హాలు పోయిందన్నాడు ఆయన. పోలేదు, మేమే అమ్మాం. స్థలాన్ని కల్యాణమండపంవాళ్ళు కొన్నారు. బాక్సులోని సోఫాను మార్నింగ్ షో లీజుదారు తీసుకున్నాడు. పక్క గేటును పాత ఇనుము కింద తూకానికి అమ్మేశాం.